గిటార్ పక్క కోయించే ముందు: తక్కువ ఖర్చులో అకూస్టిక్ గిటార్‌కి పికప్

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. 9,000 పెట్టి కొన్న డ్రెడ్‌నాట్ (పెద్ద పెట్టె) గిటార్, పికప్ లేదు, అంటే గిటార్ శబ్దాన్ని వైరు ద్వారా స్పీకర్‌కి పంపే పరికరం లేదు. తెనాలిలో ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తారు, పక్కన కీబోర్డు, రిథమ్ ప్యాడ్ ఉంటాయి. గిటార్ ముందు మైకు పెడితే ఎవరికీ వినపడటం లేదు, మైకు పెంచితే ఊళ పెడుతోంది. చేతిలో 4,000 ఉంది. షాపులో గిటార్ పక్క చెక్క కోసి, పికప్‌తో పాటు ట్యూనర్ ఉన్న ఈక్యూ (శబ్దంలో ఏ భాగం పెంచాలో, ఏది తగ్గించాలో తిప్పుకునే పెట్టె) బిగించడానికి 1,800 అడిగారు. శనివారం గిటార్ తెచ్చి ఇవ్వమన్నారు. ఇవ్వాలా వద్దా?

వద్దు. ఆ ఈక్యూ పని చేయదని కాదు, చేస్తుంది. నేను ఇరవై ఏళ్ళకు పైగా గుంటూరు, విజయవాడ వైపు చర్చిల్లో, పెళ్ళి సంగీత్‌లలో వాయిస్తున్నాను. ఖాళీ ఉన్నప్పుడు తెలిసినవాళ్ళ గిటార్లకు పికప్‌లు కూడా బిగిస్తుంటాను. నా మొదటి గిటార్‌కి నేనూ ఇలాగే పక్క కోయించాను. మీ గిటార్ పక్క చెక్క మందం మహా అయితే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. దాంట్లో అరచేయంత కిటికీ పెడతారు. మూడేళ్ళు బాగానే నడిచింది. తర్వాత బ్యాటరీ పెట్టుకునే మూత విరిగింది, ఆ తర్వాత బోర్డే పోయింది. కొత్తది తెద్దామంటే అదే సైజుది దొరకలేదు. దొరికినది అర అంగుళం చిన్నది. చుట్టూ నల్ల అట్టముక్క కోసి అంటించుకుని ఇంకో రెండేళ్ళు వాయించాను. ఎవరైనా దగ్గరికొచ్చి చూస్తే సిగ్గేసేది. ఎండాకాలంలో కిటికీ మూల నుంచి చీలిక కూడా మొదలైంది. పికప్ అన్నది మార్చుకునే వస్తువు. కోసిన చెక్క తిరిగి రాదు.

ఇక అసలు విషయం. "ఏ పికప్ కొనాలి" అని అందరూ అడుగుతారు. నేను ముందు "వైరు ఎందులో గుచ్చుతారు" అని అడుగుతాను. పికప్ చెత్త అని తీసి పారేసిన వాటిలో చాలా వాటికి ఏ జబ్బూ లేదు. తప్పుడు చోట గుచ్చారు, అంతే.

కారణం చెబుతాను, కొంచెం లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి. చవక పికప్‌లలో ఎక్కువ భాగం పియెజోలు. ఒత్తిడి పడితే కరెంటు పుట్టించే పదార్థం అది. 1880లో క్యూరీ సోదరులు ఈ గుణాన్ని కనిపెట్టారు, గ్యాస్ లైటర్ టక్కుమనేది కూడా దీనితోనే. పియెజో ఎలక్ట్రికల్‌గా చిన్న కెపాసిటర్ లాంటిది. ఒక నానోఫారడ్ అనుకుందాం. దాన్ని మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే అవతల సుమారు 10 కిలోఓమ్‌ల లోడు ఉంటుంది. రెండూ కలిసి ఒక ఫిల్టర్ అవుతాయి. లెక్క వేస్తే దాని హద్దు 16,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అంతకంటే కిందున్న శబ్దమంతా కిందికి వెళ్ళేకొద్దీ కోతకు గురవుతుంది. మీ గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్. ఒకటో తీగ మీద చిట్టచివరి ఫ్రెట్ కూడా వెయ్యి చిల్లరే. అంటే మొత్తం గిటార్ కోతలోనే ఉంది. మిగిలేది ప్లాస్టిక్ స్కేలు బల్ల అంచున పెట్టి మీటినట్టు టకటకలాడే చప్పుడు. అదే పికప్‌ని పది లక్షల ఓమ్‌లు, అంటే ఒక మెగాఓమ్ ఉన్న ఇన్‌పుట్‌లో గుచ్చండి. హద్దు 160 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. పది మెగాఓమ్‌లైతే 16కి. పికప్ అదే, మనిషి అదే, గిటార్ గిటార్‌లా వినపడుతుంది.

అందుకే 4,000లో మొత్తం పికప్ మీద పెట్టొద్దు. సగం పికప్‌కి, సగం దాని తర్వాత వచ్చే పెట్టెకి, అంటే పికప్ శబ్దాన్ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే ప్రీయాంప్ లాంటిదానికి. ఇది నా గట్టి అభిప్రాయం. ఎనిమిది వేల పికప్‌ని నేరుగా మిక్సర్‌లో గుచ్చి వాయించేవాళ్ళ కన్నా, రెండు వేల పికప్‌ని సరైన ప్రీయాంప్ ద్వారా పంపేవాళ్ళ శబ్దమే బాగుండటం చాలాసార్లు విన్నాను.

ఆ పెట్టె కొనే ముందు ఒక పని చేయండి. మీ చర్చి మిక్సర్ మీద ఏదో ఒక చానల్ దగ్గర హై-జెడ్ (ఎక్కువ ఓమ్‌ల ఇన్‌పుట్ అని అర్థం) అని రాసిన బటన్ ఉందేమో చూడండి. గిటార్ బొమ్మ కూడా ఉండొచ్చు. ఉంటే ఆ చానల్ గిటార్‌ని నేరుగా గుచ్చుకోవడానికే పెట్టింది. మిక్సర్ పక్కనే నిలబడి వాయిస్తే మీకు వేరే పెట్టె అక్కర్లేదు. లేకపోతే రెండు దారులు. ఒకటి యాక్టివ్ డీఐ బాక్స్, అంటే గిటార్ శబ్దాన్ని మైకు కేబుల్‌లో మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె. బ్యాటరీతో గానీ, మిక్సర్ పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో గానీ నడుస్తుంది. కరెంటు అక్కర్లేని ప్యాసివ్ డీఐ చవక కదా అని తేవద్దు, దాని ఇన్‌పుట్ సాధారణంగా 150 కిలోఓమ్‌ల లోపే, పియెజోకి చాలదు. రెండోది నాకు ఎక్కువ ఇష్టమైన దారి, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఈక్యూ పెడల్. బాస్ కంపెనీ జీఈ-7 లాంటిది. దాని ఇన్‌పుట్ ఒక మెగాఓమ్, ఏడు స్లైడర్లు 100 నుంచి 6,400 హెర్ట్జ్ దాకా. ఒకే పెట్టెలో ప్రీయాంపూ వచ్చింది, ఊళ అణిచే సాధనమూ వచ్చింది. అదే పద్ధతిలో ఏడు స్లైడర్లతో చవక కంపెనీలు చేసినవీ దొరుకుతాయి. మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె ఏదైనా మీ స్నేహితుడి దగ్గర మూలపడి ఉంటే అది కూడా ఈ పని చేస్తుంది. కొనే ముందు అడిగి చూడండి.

ఒక మాట, ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌లో పియెజో గుచ్చి బాగాలేదని బాధపడకండి. ఆ యాంప్ స్పీకర్ ఐదారు వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. అకూస్టిక్ మెరుపంతా ఆ పైనే ఉంటుంది. కీబోర్డు యాంపో, మామూలు పీఏ స్పీకరో నయం.

ఇప్పుడు పికప్ రకాలు. శాడిల్ కింద పెట్టేది, చెక్కకు అంటించేది, సౌండ్‌హోల్‌లో బిగించే అయస్కాంతం. మైకు నాలుగోది, దాని గురించి చివర్లో.

శాడిల్ కింది పియెజో అంటే బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు బిగించే చెక్క) మీద తీగలు ఆనే తెల్ల ముక్క, అదే శాడిల్, దాని కింద సన్నటి పట్టీ. షాపు వాళ్ళు పెడతామన్నది ఇదే, దానికి తోడు పక్కన ఈక్యూ. పక్క కోయకుండా కూడా ఇది పెట్టొచ్చు. వాల్యూమ్, టోన్ చక్రాలను సౌండ్‌హోల్ అంచుకు లోపలి నుంచి అంటించే రకాలున్నాయి. జాక్ మాత్రం బెల్టు తగిలించే గుబ్బ దగ్గర వస్తుంది. దీని శబ్దం స్పష్టంగా, ముందుకు దూసుకొచ్చినట్టు ఉంటుంది. గట్టిగా కొడితే ఆ స్కేలు చప్పుడు కొంచెం వస్తుంది. ఈక్యూలో 1,600 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త తగ్గిస్తే చాలావరకు పోతుంది.

కానీ దీన్ని పెట్టడంలోనే అసలు కష్టముంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పట్టీ మందమెంతో శాడిల్ కింది భాగం అంత అరగదీయాలి. లేకపోతే తీగలు పైకి లేచి వేళ్ళు నొప్పెడతాయి. అరగదీసేటప్పుడు కింది అంచు గీత గీసినట్టు సమంగా రావాలి. ఎక్కడైనా కాగితమంత సందు ఉన్నా ఆ తీగ వినపడదు. "నా బి తీగ చచ్చిపోయింది, పికప్ పాడైందా?" అని ఫోన్ చేసినవాళ్ళలో ఎక్కువమందికి పికప్ బాగానే ఉంది, శాడిల్ అడుగు వంకరగా ఉంది. అద్దం ముక్క మీద 220 నంబరు గరుకు కాగితం పరచండి. శాడిల్ అడుగున పెన్సిల్‌తో నల్లగా రుద్దండి. నిటారుగా పట్టుకుని ఒకే దిశలో నాలుగు సార్లు లాగండి. పెన్సిల్ మరక ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లముంది. మరక అంతా సమంగా పోయేదాకా చేయాలి. బ్రిడ్జ్ గాడి అడుగు కూడా చదునుగా ఉండాలి, చవక గిటార్లలో చాలాసార్లు అక్కడ జిగురు గడ్డలుంటాయి. శాడిల్ గాడిలో వేలితో లాగితే వచ్చేంత బిగువుండాలి. సుత్తితో కొట్టి దించేంత బిగువైతే తీగల ఒత్తిడి పట్టీ దాకా చేరదు. ఇదంతా ఓపికగా చేసే మనిషి మీ ఊళ్ళో ఉంటే ఈ రకం పెట్టించుకోండి. ఆ షాపులో ఎవరు చేస్తారో, ఎంతసేపు చేస్తారో అడగండి. "అరగంటలో ఇచ్చేస్తాం" అంటే నాకు అనుమానమే.

బ్యాటరీ ఉన్నవాటికి ఒక జాగ్రత్త. జాక్‌లో వైరు గుచ్చగానే ప్రీయాంప్ ఆన్ అవుతుంది, తీసేదాకా నడుస్తూనే ఉంటుంది. రాత్రంతా వైరు వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ వృథాగా తరుగుతుంది. ఇంట్లో ప్రాక్టీస్ అయ్యాక అలాగే వదిలేసి, ఆదివారం పాట మధ్యలో గరగరమని శబ్దం చిరిగిపోతే ఇక ఆ రోజు టెన్షనే. సంచిలో ఇంకో బ్యాటరీ ఎప్పుడూ ఉంచుకోండి.

చెక్కకు అంటించే రకం. బ్రిడ్జ్ కింద లోపలి వైపు ఒక పలక ఉంటుంది, తీగల గుండ్లు దానికే ఆనతాయి. దాని మీద బిళ్ళ లాంటి పియెజోలు అంటిస్తారు. కే అండ్ కే కంపెనీ వాళ్ళ మూడు బిళ్ళల ప్యూర్ మినీ ఇందులో పేరున్నది. వెచ్చగా, చెక్క వాసన వచ్చేలా పలుకుతుంది. మీ బడ్జెట్‌లో అది రాదు. కానీ ఈ సూత్రాన్ని రుచి చూడాలంటే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట 20, 30 రూపాయలకు దొరికే బజర్ బిళ్ళ చాలు. జాక్‌కి టంకం పెట్టి, పోస్టర్లు అంటించే జిగురు ముద్దతో బ్రిడ్జ్ పక్కన పెట్టి వినండి. వేలెడు దూరం జరిపితే శబ్దమే మారిపోతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా నాకు దీంతోనే గడిచిపోయింది. టంకం పెట్టేటప్పుడు మాత్రం తెల్ల భాగం మీద ఎక్కువసేపు వేడి ఉంచకండి, పని చేయడం మానేస్తుంది. వైరు షీల్డ్ ఉన్నది వాడకపోతే బుయ్ మంటుంది.

ఇంట్లో ఒక్కరే వేళ్ళతో మీటుతూ పాడుకునేవాళ్ళకు, గిటార్ పెట్టె మీద దరువేసేవాళ్ళకు ఈ రకం బంగారం. వీణ కచేరీల్లో కుండకు అంటించే కాంటాక్ట్ మైకు కూడా ఇదే జాతి. మీకు మాత్రం నేను చెప్పను. చెక్క ఎలా కదిలితే అలా పట్టుకుంటుంది కాబట్టి మీ చొక్కా గుండీ తగిలినా వినపడుతుంది, స్పీకర్ లోంచి వచ్చే బేస్‌కి చెక్క కదిలినా పట్టుకుంటుంది. వెనక రిథమ్ ప్యాడ్ దంచుతుంటే ఊళ ఖాయం.

ఆ ఊళ గురించి రెండు ముక్కలు. మీ గిటార్ డొల్ల పెట్టె. దాంట్లోని గాలికి తనదంటూ ఒక స్వరముంది. డ్రెడ్‌నాట్‌లో అది సాధారణంగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే ఆరో తీగ మీద 3, 4 ఫ్రెట్ల దగ్గర. సౌండ్‌హోల్ దగ్గర నోరు పెట్టి హూ అని కింది స్థాయి నుంచి మెల్లగా పైకి లాగండి, ఒకచోట పెట్టె మీ గొంతుకు బదులిస్తుంది. స్పీకర్ నుంచి ఆ స్వరం వచ్చి పెట్టెను కదిలిస్తే, పికప్ దాన్నే మళ్ళీ స్పీకర్‌కి పంపుతుంది. అంతే, బూ... అని మొదలవుతుంది. మందు కూడా అక్కడే ఉంది. ఈక్యూలో 100 స్లైడర్ కిందికి దించండి. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెట్టండి, రెండు మూడు వందలకు దొరుకుతుంది. మానిటర్ స్పీకర్‌కి ఎదురుగా నిలబడకండి, ఒకడుగు పక్కకు జరగండి. మన పాలకొల్లు మాండలిన్ యు. శ్రీనివాస్ గారు పెద్ద పెద్ద కచేరీలు చేసింది డొల్ల మాండలిన్ మీద కాదు, సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. గమకం సాగడానికి ఆయన ఆ దారి పట్టారు. దాంతోపాటు ఈ ఊళ బాధ కూడా తప్పింది. మనకు డొల్ల పెట్టె శబ్దమే కావాలి కాబట్టి ఈ తిప్పలు.

మిగిలింది సౌండ్‌హోల్ అయస్కాంతం. మీకు నేను చెప్పేది ఇదే. సౌండ్‌హోల్‌కి అడ్డంగా రెండు స్క్రూలతో బిగుస్తుంది, స్క్రూడ్రైవర్ ఉంటే పది నిమిషాల పని. చెక్కకు ఒక్క గాటు పడదు. నచ్చకపోతే తీసి అమ్ముకోవచ్చు. ఇది చెక్కను కాదు, ప్రధానంగా ఉక్కు తీగ కదలికను పట్టుకుంటుంది. అందుకే డప్పుల మధ్యలో కూడా ఊళ పెట్టకుండా మిగతా రకాల కన్నా చాలా ఎక్కువ వాల్యూమ్ ఇస్తుంది. నైలాన్ తీగల గిటార్‌కి మాత్రం పనికిరాదు, నైలాన్‌ని అయస్కాంతం పట్టించుకోదు. మీది ఉక్కు తీగలదే కాబట్టి సమస్య లేదు.

దీని లోపం దాచను. అచ్చమైన అకూస్టిక్ శబ్దం రాదు, కొంచెం ఎలక్ట్రిక్ ఛాయ ఉంటుంది. చర్చిలో కీబోర్డు, గొంతులు, ప్యాడ్ మధ్య ఆ తేడా కూర్చున్నవాళ్ళకు తెలియదు. మీకు తెలుస్తుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది.

ఇంకో లోపం తీగల సమతూకం. మన బ్రాంజ్ తీగల్లో లోపలి ఉక్కు తీగే పికప్‌కి కనపడుతుంది, పైన చుట్టిన బ్రాంజ్ కనపడదు. ఒకటి, రెండు తీగలకు చుట్టు లేదు, మొత్తం ఉక్కే. అందుకని రెండో తీగ మిగతావాటిని మింగేస్తుంటుంది. మంచి కంపెనీలు దీన్ని లెక్కలో పెట్టుకునే చేస్తాయి, మరీ చవకవి చేయవు. కొనేటప్పుడు ఒక్కో తీగనూ ఒకే బలంతో మీటి వినండి. తీగ కింద ఒక్కోదానికి విడి స్క్రూ ఉన్న పికప్ దొరికితే రెండో తీగ స్క్రూ కిందికి దించుకోవచ్చు. లేకపోతే పికప్‌ని లావు తీగల వైపు కొంచెం ఎత్తుగా, సన్న తీగల వైపు పల్లంగా ఉండేలా అంచు కింద కార్క్ ముక్క పెట్టండి. ఇది కూడా చాలకపోతే నికెల్ చుట్టిన తీగలు వేస్తే తూకం కుదురుతుంది, కానీ మైకు లేకుండా వాయించినప్పుడు ఆ బ్రాంజ్ గలగల తగ్గుతుంది.

అయస్కాంత పికప్‌లో ఒకే వైరు చుట్ట ఉంటే సింగిల్ కాయిల్, రెండుంటే హంబకర్. ఏది కొనాలి? హంబకర్. మన ఫంక్షన్ హాళ్ళలో సీరియల్ సెట్లు, డిమ్మర్లు, ఎర్తింగ్ లేని ప్లగ్గులు. సింగిల్ కాయిల్ వాటన్నింటి నుంచీ 50 హెర్ట్జ్ కరెంటు హోరును లాక్కుంటుంది. ఒక పెళ్ళిలో నేను వాయించడం ఆపిన ప్రతిసారీ కందిరీగల తుట్టె కదిలినట్టు వినపడింది. మండపం వైపు నుంచి తిరిగి కూర్చుంటే తగ్గింది, కానీ పెళ్ళికొడుక్కి వీపు పెట్టి ఎంతసేపు వాయిస్తాం? హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదాని హోరును ఇంకొకటి కొట్టేస్తాయి. నాలుగైదు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఫిష్‌మన్, ఎల్ఆర్ బ్యాగ్స్ వాళ్ళవి బాగుంటాయి, కానీ కొత్తవి మీ లెక్కకు అందవు. నేను ఈ మధ్య చూసిన చవక హంబకర్లు 1,500 నుంచి 2,500 మధ్య ఉన్నాయి. మీ సౌండ్‌హోల్ వ్యాసం కొలుచుకుని వెళ్ళండి. డ్రెడ్‌నాట్‌కి 10 సెంటీమీటర్ల దగ్గరుంటుంది, చాలావరకు అన్నీ సరిపోతాయి.

వైరు సౌండ్‌హోల్ నుంచి వేలాడుతుంది. చూడ్డానికి బాగుండదు నిజమే. బెల్టు చుట్టూ ఒక మెలిక వేసి కట్టండి, ఎవరైనా కాలితో తొక్కినా పికప్ ఊడి రాదు. ఆరు నెలలు వాయించి నచ్చిందనుకుంటే అప్పుడు బెల్టు గుబ్బ చోట జాక్ పెట్టించుకోవచ్చు. అక్కడ లోపల మందమైన దిమ్మ ఉంటుంది, 12 మిల్లీమీటర్ల రంధ్రం దానికి లెక్క కాదు. మామూలు డ్రిల్ బిట్‌తో ఒక్కసారే పొడిస్తే పాలిష్ పెచ్చులు లేస్తుంది. మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్‌తో నెమ్మదిగా చేయించండి. కేబుల్ మూడు మీటర్లకు మించొద్దు, పొడవు పెరిగేకొద్దీ పై మెరుపు తగ్గుతుంది. మిక్సర్ దూరంగా ఉంటే డీఐ మీ దగ్గర పెట్టుకుని అక్కడి నుంచి మైకు కేబుల్‌తో పంపండి.

మైకు సంగతి. మీరు పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనీ అనుకుంటున్నారని రాశారు. దానికి ఏ పికప్పూ వద్దు. గదిలో మీరొక్కరే ఉన్నప్పుడు ఊళ లేదు, డప్పుల్లేవు. గిటార్ మెడ, పెట్టె కలిసేచోటికి ఒక అడుగు దూరంలో మైకు పెట్టండి. నేరుగా సౌండ్‌హోల్‌కి గురిపెడితే బొయ్యిమంటుంది. ఇంట్లో ఉన్న మామూలు మైకు కూడా ఐదు వేల పికప్‌ని ఓడిస్తుంది.

శనివారం గిటార్ పట్టుకుని షాపుకి వెళ్ళండి, కానీ ఇచ్చి రావద్దు. సౌండ్‌హోల్ హంబకర్ ఏముందో అడగండి, మీ గిటార్‌కే బిగించి వినిపించమనండి. ఆరు తీగలూ విడివిడిగా మీటండి. తర్వాత ఆపి, చెయ్యి తీసేసి, హోరు ఎంతుందో వినండి. షాపు వాళ్ళు వాల్యూమ్ కొంచెమే పెట్టి వినిపిస్తారు, ఇంకా పెంచమనండి. వెళ్ళే ముందు మిక్సర్ మీద హై-జెడ్ బటన్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే పెట్టె కోసం అనుకున్న ఆ రెండు వేలు ప్రస్తుతానికి మీ జేబులోనే ఉంటాయి.